ఫ్లెక్సీ మెషిన్‌లో మొదటి భాగం దాని గది

హన్మకొండలోనో, కరీంనగర్‌లోనో, మంచిర్యాలలోనో కొత్తగా ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు పెట్టేవాళ్ల లెక్కలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఇంకు చిమ్మే హెడ్లు ఎన్ని, గంటకు ఎన్ని చదరపు అడుగులు వేస్తుంది, ఇంకు లీటరు ఎంత, నెలకు ఈఎంఐ ఎంత. ఇవన్నీ తేలాక ఆఖరున ఒక షట్టర్ వెతుకుతారు. పది అడుగుల ఫ్లెక్స్ వేసే మెషిన్ పొడవు పదిహేను, పదహారు అడుగుల దాకా ఉంటుంది కాబట్టి, దాన్ని లోపలికి పట్టించగలిగితే చాలు, గది దొరికినట్టే అనుకుంటారు. తర్వాతి రెండు మూడేళ్లలో వచ్చే రిపేర్లలో, ఆపరేటర్ ఒంటికి వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం మాత్రం ఆ ఆఖరి నిర్ణయంలోనే దొరుకుతుంది. గదిలో గాలి ఎలా తిరుగుతుంది, ఎర్తింగ్ ఎలా ఉంది, ఎండాకాలంలో ఎంత వేడెక్కుతుంది, దుమ్ము ఎక్కణ్నుంచి వస్తుంది అనే ప్రశ్నలకు జవాబు లేకుండా మెషిన్ దించితే, ఎంత మంచి కంపెనీ హెడ్ అయినా త్వరగానే పాడవుతుంది. మనిషి ఆరోగ్యం పాడవడం అంత త్వరగా బయటపడదు. అది ఇంకా పెద్ద ప్రమాదం.

మెషిన్ పనిచేసే తీరు తెలిస్తే గది ఎందుకింత ముఖ్యమో అర్థమవుతుంది. ఈ మెషిన్లలో ఎక్కువగా కనిపించే కోనికా 512 హెడ్‌లో 512 సన్నటి రంధ్రాలుంటాయి. వాటినే నాజిల్స్ అంటారు. ఒక్కోటి వెంట్రుక మందం కన్నా సన్నం. లోపల పీజో అనే పదార్థం ఉంటుంది. దానికి వోల్టేజీ ఇచ్చినప్పుడు అది కొద్దిగా వంగి, ఇంకును నొక్కి ఒక్క చుక్కను బయటికి నెడుతుంది. ఆ చుక్క పరిమాణం హెడ్ రకాన్ని బట్టి 14 నుంచి 42 పికోలీటర్లు. ఒక పికోలీటర్ అంటే లీటరులో లక్ష కోట్ల వంతు. ఇంత చిన్న చుక్క హెడ్ నుంచి ఫ్లెక్స్ దాకా రెండు మూడు మిల్లీమీటర్లు గాలిలో ప్రయాణించి సరైన చోట పడాలి. ఆ కొద్ది దూరంలో గాలి వీచినా, రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటు లాగినా, నాజిల్ అంచున ఇంకు కాస్త ఆరినా చుక్క దారి తప్పుతుంది. బ్యానర్ మీద లైన్లు వస్తాయి. ఆపరేటర్లు వెంటనే హెడ్‌ను అనుమానిస్తారు గానీ, చాలాసార్లు తప్పు హెడ్‌లో ఉండదు.

ఇక ఇంకు సంగతి. బయట ఎండకూ వానకూ తట్టుకునే ఫ్లెక్సీల మీద వాడేది సాల్వెంట్ ఇంకు. రంగు పొడి, దాన్ని అతికించే రెసిన్ కలిసి ఉండేది నీళ్లలో కాదు, ఘాటైన రసాయనాల్లో. వాటిలో తరచుగా ఉండేది సైక్లోహెక్సనోన్. అది ఫ్లెక్స్ మీది పీవీసీ ప్లాస్టిక్ పొరను కొద్దిగా మెత్తబరిచి, రంగును అందులోకి దించి, తర్వాత ఆవిరైపోతుంది. రంగు గట్టిగా పట్టడానికి కారణం అదే, షాపు ముందు నుంచి వెళ్తుంటేనే ముక్కుకు తగిలే వాసనకూ కారణం అదే. అంటే ఇంకులో గణనీయమైన భాగం ఫ్లెక్స్ మీద ఉండదు. గదిలోని గాలిలో కలుస్తుంది. రోజుకు ఎన్ని లీటర్ల ఇంకు వాడితే, అందులో ఆరిన తడి అంతా ఆ గది గాలిలోకి వచ్చినట్టే.

సైక్లోహెక్సనోన్ ఫ్లాష్ పాయింట్ సుమారు 44 డిగ్రీల సెల్సియస్. ఆ ఉష్ణోగ్రతకు చేరితే దాని మీద చేరే ఆవిరికి ఒక్క నిప్పురవ్వ తగిలినా మంట అంటుకుంటుంది. ఈ అంకెను ఉత్తర తెలంగాణలో చదివితే వేరేగా వినిపించాలి. మే నెలలో రామగుండం, మంచిర్యాల, వరంగల్ ప్రాంతాల్లో పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం వింత కాదు. అది నీడలో కొలిచిన లెక్క. రేకుల షెడ్డు కింద, పడమటి ఎండ కొట్టే గోడ పక్కన, అంతకన్నా ఎక్కువే ఉంటుంది. చల్లటి దేశంలో మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర ఇంకు డబ్బాకు ఉండే భద్రత ఇక్కడి వేసవి మధ్యాహ్నం రేకుల కింద ఉండదు. ఇంకు ఆరడానికి మెషిన్‌లో ఉండే హీటర్ల మీదుగా పోయే తడి ఫ్లెక్స్ సంగతి సరేసరి, అది ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. అందుకే ఇంకు, హెడ్లు కడిగే ఫ్లషింగ్ సాల్వెంట్ డబ్బాలను మెషిన్ గదిలో గుట్టగా పెట్టకుండా, ఆ రోజుకు కావలసినవే లోపల ఉంచి, మిగతావి చల్లగా, నీడగా, గాలి ఆడే వేరే చోట పెట్టుకోవాలి. ఏ ఇంకు ఫ్లాష్ పాయింట్ ఎంతో, ఒంటికి తగిలితే ఏం చేయాలో ఆ కంపెనీ ఇచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో ఉంటుంది. పదహారు విభాగాల కాగితం అది. నాలుగో విభాగంలో ప్రథమ చికిత్స, ఎనిమిదిలో గ్లౌజులు, మాస్కుల వివరాలు, తొమ్మిదిలో ఫ్లాష్ పాయింట్ ఉంటాయి. డీలర్‌ను అడిగి తీసుకుని గోడకు అంటించాల్సిన కాగితం ఇది. అడిగితే ఇవ్వని డీలర్ దగ్గర ఇంకు కొనకపోవడమే మంచిది.

చాలా షాపులు ఒక చిక్కులో పడేది ఇక్కడే. మెషిన్‌కు దుమ్ము పడదు, వేడి పడదు. 20 నుంచి 28 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత, 40 నుంచి 60 శాతం మధ్య తేమ ఉంటే అది హాయిగా పనిచేస్తుంది. కాబట్టి కిటికీలు మూసేసి, సందులకు టేపు వేసి, స్ప్లిట్ ఏసీ పెడతారు. ఇంజినీరు వచ్చి మెచ్చుకుంటాడు కూడా. కానీ స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. చల్లగా ఉంది కదా అని మనిషి హాయిగా కూర్చుంటాడు, ఆవిరి మాత్రం గంట గంటకూ పెరుగుతుంటుంది. మెషిన్ బాగు కోసం మూసిన గది, అందులో పది గంటలు నిలబడే మనిషి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది.

దీనికి పరిష్కారం ఉంది, అదేమీ లక్షల ఖర్చు కాదు. గాలి ఎటు నుంచి రావాలో, ఎటు పోవాలో ముందే తేల్చుకోవాలి. సాల్వెంట్ ఆవిరి మామూలు గాలి కన్నా మూడు రెట్లకు పైగా బరువైనది. వేస్ట్ ట్రే నుంచి, మూత తీసిన బకెట్ నుంచి, కింద ఒలికిన ఇంకు నుంచి లేచే ఆవిరి నేల పట్టుకునే పాకుతుంది. గోడ పైభాగాన, వెంటిలేటర్‌లో పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాన్ని పెద్దగా లాగలేదు. హీటర్ దగ్గర లేచే ఆవిరి వేడి గాలితో పైకి లేచి గదంతా కలుస్తుంది. కాబట్టి ఒక ఎగ్జాస్ట్ నేలకు అడుగు ఎత్తులో, ఇంకొకటి డ్రయ్యర్ పైన హుడ్ కట్టి పెడితే రెండు రకాల ఆవిరీ బయటికి పోతుంది. ఎదురు గోడ నుంచి ఫిల్టర్ జాలీ గుండా కొత్త గాలి రావాలి. ఆ గాలి నేరుగా హెడ్లను మోస్తూ అటూఇటూ తిరిగే క్యారేజ్ మీదికి కొట్టకూడదు, కొడితే నాజిల్ అంచులు ఆరిపోతాయి, చుక్కలు పక్కకు జరుగుతాయి. ఫ్యాన్ మోటారు నిప్పురవ్వలు రాని రకమై ఉండాలి. గొట్టం చివర పక్కింటి కిటికీలోకి ఉంటే సమస్య మన గది నుంచి వాళ్ల గదిలోకి మారిందంతే, దాన్ని ఇంటి కప్పు దాటించాలి. డిజైనర్ కూర్చునే చోటును అద్దం గోడతో వేరు చేయడం కూడా తప్పనిసరి అనుకోవాలి. కంప్యూటర్ ముందు రోజంతా కూర్చునే అమ్మాయి మెషిన్‌ను ముట్టుకోకపోయినా, అదే గాలి పీలుస్తుంది. గర్భిణి అయితే ఆ గదిలో అసలు ఉండకూడదు.

వాసన గురించి ఆపరేటర్లు చెప్పే మాట ఒకటుంది: మొదటి వారం తల నొస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. అలవాటయ్యేది ముక్కు మాత్రమే. కాసేపటికి వాసన గుర్తించడం మానేస్తుంది, ఆవిరి తగ్గిందని కాదు. సైక్లోహెక్సనోన్‌కు పని చోట అనుమతించే హద్దు అమెరికాలో చట్టం ప్రకారం గాలిలో పది లక్షల భాగాలకు 50. అక్కడి పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సిఫారసు చేసేది ఇంకా తక్కువ, 20. ఇది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుందని ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. కళ్ల మంట, తల తిరగడం, గొంతు గరగర, చర్మం పొడిబారి పగలడం కనిపిస్తే గాలి చాలట్లేదని అర్థం. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు దుమ్మును కొంత ఆపుతాయేమో గానీ ఆవిరిని ఆపవు. యాక్టివేటెడ్ కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి, ఆ కార్ట్రిడ్జ్‌ను గడువుకు మార్చాలి. సాయంత్రం బెల్లం ముక్క తింటే లోపలికి పోయిందంతా కడిగేసుకుంటుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. బెల్లం ఊపిరితిత్తుల్లోని సాల్వెంట్‌ను ఏమీ చేయలేదు. ఇంకు అంటిన చేతుల్ని సాల్వెంట్‌తోనే కడుక్కోవడం ఇంకో చెడ్డ అలవాటు. చర్మంలోని నూనెనంతా అది లాగేసి, తను లోపలికి దిగుతుంది. కొంచెం కొబ్బరి నూనె రాసి, తుడిచి, సబ్బుతో కడుక్కుంటే మరక ఆలస్యంగా పోతుంది గానీ చెయ్యి బాగుంటుంది. అసలు ముందే గ్లౌజులు వేసుకుంటే ఈ బాధ లేదు. సన్నటి నైట్రైల్ గ్లౌజులు ఈ రసాయనం ముందు ఎక్కువసేపు నిలవవు. తడిసిన వెంటనే తీసి కొత్తవి వేసుకోవాలి.

నిప్పు గురించి మాట్లాడితే బీడీ, సిగరెట్ అందరికీ గుర్తొస్తాయి. గుర్తురానివి వేరే ఉన్నాయి. షాపు తెరవగానే దేవుడి పటానికి వెలిగించే అగర్‌బత్తి, దసరా నాడు మెషిన్‌కు పూజ చేసి ఇచ్చే కర్పూర హారతి. పూజ మానాలని ఎవరూ అనరు. కానీ పటం మెషిన్ గదిలో కాకుండా ముందు కౌంటర్ దగ్గర ఉండొచ్చు. ఆయుధ పూజ రోజు ముందు రాత్రే మెషిన్ ఆపి, డబ్బాలు బయట పెట్టి, గదికి గాలి ఆడనిచ్చి, హారతిని గుమ్మం దగ్గరే ఇవ్వొచ్చు. పసుపు, కుంకుమలు కూడా మెషిన్ బయటి డోర్ మీద పెట్టాలి తప్ప క్యారేజ్ తిరిగే రైలు మీద కాదు. ఆ సన్నటి పొడి రైలు గ్రీజులో కలిస్తే రుద్దుడు పొడి అవుతుంది, ఎన్‌కోడర్ స్ట్రిప్ మీద పడితే క్యారేజ్‌కు తన చోటు తెలియక బొమ్మ పక్కకు జరుగుతుంది.

వెల్డింగ్ ఇంకా పెద్ద విషయం. ఫ్లెక్సీకి ఇనుప ఫ్రేమ్ కట్టే పని చాలా షాపుల్లో ప్రింటింగ్ పక్కనే, అదే షట్టర్ కింద జరుగుతుంది. రవ్వలు కొన్ని మీటర్ల దూరం ఎగురుతాయి. అంతేకాదు, వెల్డింగ్ మెషిన్‌కు కరెంటు తిరిగి చేరే రిటర్న్ క్లాంప్‌ను ఫ్రేమ్‌కు సరిగ్గా తగిలించకపోతే, ఆ కరెంటు బిల్డింగ్ ఎర్త్ వైరు దారి పట్టి ప్రింటర్ బోర్డుల దాకా వస్తుంది. ఫ్రేమ్ పని వేరే ఆవరణలో ఉండాల్సిందే, ఇందులో సర్దుబాటుకు చోటు లేదు. మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు. సాల్వెంట్ నీళ్లతో పాటు పారి మంటను పరుస్తుంది, కరెంటు ప్రమాదం సరేసరి. డ్రై కెమికల్ పౌడర్ లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తలుపు దగ్గర ఉండాలి, మెషిన్ వెనక మూల కాదు. మంట దాటి వెళ్లి సిలిండర్ తేవాల్సిన పరిస్థితి రాకూడదు.

నిప్పురవ్వ బయటి నుంచే రావాలని లేదు. పీవీసీ పూసిన గుడ్డ రోల్ నుంచి విప్పుకుంటూ రోలర్ల మీద రాసుకుంటూ పోతుంటే వేల వోల్టుల స్టాటిక్ పుడుతుంది. వానాకాలం గాలిలో తేమ ఉంటుంది కాబట్టి అది ఎప్పటికప్పుడు జారిపోతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలి ఎండిపోయినప్పుడు ఫ్లెక్స్ దగ్గర చెయ్యి పెడితే రోమాలు లేస్తాయి, చిటుక్కుమంటుంది. ఆ రవ్వ ఆవిరి ఉన్న చోట పడితే మంట, హెడ్ బోర్డు మీద పడితే బోర్డు పోతుంది. రెండూ జరగని రోజున కూడా చుక్కల్ని అటూఇటూ లాగి బొమ్మ అంచుల్లో ఇంకు తుంపర చల్లినట్టు కనిపిస్తుంది. యాంటీ స్టాటిక్ బ్రష్, రోల్ పట్టే ఇనుప షాఫ్ట్‌కు, మెషిన్ బాడీకి గట్టి ఎర్త్ ఉంటే చాలావరకు తగ్గుతుంది. కిటికీలో పెట్టే ఎయిర్ కూలర్ ఈ కాలంలో ఏసీ కన్నా ఒక విషయంలో మేలు చేస్తుంది. అది బయటి గాలినే తడిపి లోపలికి పంపుతుంది కాబట్టి తేమా పెరుగుతుంది, ఆవిరీ పలచబడుతుంది. అయితే దాని గాలి మెషిన్ వైపు తిరగకూడదు, వానాకాలం రాగానే దాన్ని ఆపాలి.

ఎర్తింగ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మన నేల తీరు వల్ల ఇది ఇక్కడ ప్రత్యేక సమస్య. ఓరుగల్లు చుట్టూ, కరీంనగర్ వైపు, ఎక్కడ తవ్వినా కొన్ని అడుగులకే గ్రానైట్ రాయి తగులుతుంది. దాంతో ఎర్త్ గుంత లోతు తగ్గించి, రాడ్డు సగమే దించి, పైన సిమెంటు మూత పెట్టి వెళ్లిపోతారు. కరెంటు నేలలోకి పోవాలంటే నేలలో తేమ ఉండాలి. రాయికి అది లేదు, పైనున్న చెలక మట్టి ఎండాకాలంలో పూర్తిగా ఎండిపోతుంది. జనవరిలో బాగా పనిచేసిన ఎర్త్ మేలో పేరుకే ఉంటుంది. గుంతలో బొగ్గు, ఉప్పు నింపి, వేసవిలో రెండు మూడు రోజులకోసారి నీళ్లు పోస్తూ ఉండాలి. రాయి అడ్డొస్తే ఒక్క లోతైన గుంత బదులు దూరదూరంగా రెండు మూడు గుంతలు తీసి కలపాలి. ఎర్తింగ్‌కు భారత ప్రమాణం ఐఎస్ 3043. దాని ప్రకారం చేసి, మీటరుతో కొలిచి చూపించమని ఎలక్ట్రీషియన్‌ను అడగాలి.

కొన్ని అద్దె షట్టర్లలో ఇంకా ఘోరమైన పని కనిపిస్తుంది. ఎర్త్ గుంతే ఉండదు. బోర్డులో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తారు. టెస్టర్ పెడితే అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. బయట స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున మెషిన్ ఇనుప బాడీ మొత్తం 230 వోల్టులతో నిలబడుతుంది. దాన్ని ముట్టుకున్న మనిషి చేతిలో సాల్వెంట్ తడి కూడా ఉంటుంది. మూడు ఫేజుల సప్లయ్‌లో న్యూట్రల్ పోతే ఇంకో ప్రమాదం, ఒక ఫేజు మీద 400 వోల్టుల దాకా పడి బోర్డులు, యూపీఎస్ కాలిపోతాయి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఏసీ వోల్టేజీని నెలకోసారి చూడటం చిన్న పని. రెండు మూడు వోల్టులు దాటితే మెషిన్ ఆపి కారణం వెతకాలి. మనిషి ప్రాణానికి కాపలా ఉండే 30 మిల్లీ ఆంప్స్ లీకేజీ బ్రేకర్ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని పీకేసి నేరుగా కలపడం ఆత్మహత్యతో సమానం. అది పడుతోందంటే ఎక్కడో లీకేజీ ఉంది, హీటర్ వైరింగ్‌లో మొదట చూడాలి. అద్దె కాగితం రాసుకునే ముందే ఎర్త్ గుంత చూపించమని ఇంటి ఓనర్‌ను అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

హన్మకొండ కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో కరెంటు ఒకప్పటి కన్నా చాలా మెరుగుపడింది. అయినా గాలివాన సాయంత్రాల్లో పోవడం, రెప్పపాటు మినుకుమనడం ఉంటూనే ఉంది. హీటర్లు, డ్రయ్యర్ కొన్ని కిలోవాట్లు తింటాయి కాబట్టి వాటిని నేరుగా లైను మీద, బోర్డులు, మోటార్లు, కంప్యూటర్‌ను ఆన్‌లైన్ యూపీఎస్ మీద పెట్టాలి. చాలా మెషిన్లలో ఇంకు హెడ్ నుంచి కారకుండా ఒక చిన్న పంపు నెగెటివ్ ప్రెషర్‌తో పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే ఆ పట్టు పోయి ఇంకు చుక్కలు చుక్కలుగా కారుతుంది, కొన్నిసార్లు ఒక రంగు ఇంకో రంగు హెడ్‌లోకి పోతుంది. ఆ పంపుకు యూపీఎస్ తప్పనిసరి. క్యారేజ్ మధ్యలో ఆగిపోతే, మెయిన్ ఆఫ్ చేసి, దాన్ని చేత్తో మెల్లగా అది ఆగి ఉండే చోటుకు, అంటే హోమ్ స్టేషన్‌కు తోసి, హెడ్ల కింద క్యాప్ పెట్టాలి. మూత పెట్టని పెన్ను ములికిలా, గాలికి వదిలిన నాజిల్ నిమిషాల్లోనే ఆరడం మొదలవుతుంది.

హెడ్ సంరక్షణలో నిజానికి చేయాల్సిన వాటి కన్నా చేయకూడనివే ఎక్కువ. ఉదయం నాజిల్ చెక్ ప్రింట్ తీసి, పోయిన లైన్లు ఉంటే ఒకటి రెండుసార్లు పర్జ్ చేసి (ఇంకును ఒత్తిడితో బయటికి నెట్టి), నూలు రాలని గుడ్డతో ఒకే వైపు తుడిస్తే చాలు. పొడి గుడ్డతో రుద్దకూడదు, ఆరిన రంగు ఇసుకలా గీతలు పెడుతుంది. ఒక కంపెనీ ఇంకు అయిపోయిందని మరో కంపెనీది పోస్తే రెండూ లోపల పెరుగులా తోడుకోవచ్చు. మారాలంటే ట్యాంకు, పైపులు, ఫిల్టర్లు అన్నీ కడిగాకే. సిరంజితో ఫ్లష్ చేసేటప్పుడు బలం పెడితే లోపలి పొరలు చిట్లుతాయి, పైపు ఊడి సాల్వెంట్ నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. ఈ పనికి కళ్లజోడు లేకుండా కూర్చోకూడదు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి పదిహేను నిమిషాల పాటు ధారగా మంచినీళ్లతో కడిగి, ఆస్పత్రికి పోవాలి. మెషిన్ ఆన్‌లో ఉండగా హెడ్ కేబుల్ పీకడం, ఇంకు తడి అంటిన కేబుల్ పెట్టడం ఒక్క క్షణంలో హెడ్‌నూ బోర్డునూ కలిపి తీసుకుపోతాయి. ఆఫ్ చేశాక కూడా కొన్ని నిమిషాలు ఆగాలి, కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది.

ఫ్లషింగ్ సాల్వెంట్ ఖరీదు ఎక్కువని రంగుల షాపులో దొరికే థిన్నర్, ఎసిటోన్, ఒక్కోచోట పెట్రోల్ కూడా వాడతారు. ఇవి హెడ్ లోపలి అతుకుల జిగురును తినేస్తాయి. అంతకన్నా ముఖ్యం, ఎసిటోన్ ఫ్లాష్ పాయింట్ సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఉంటుంది. ఆదిలాబాద్ చలికాలంలో కూడా అది అంటుకోవడానికి సిద్ధంగా ఉండే వస్తువు. లీటరుకు మిగిలే డబ్బు చూసి దాన్ని హీటర్ పక్కన పెట్టడం ఏ లెక్కలోనూ లాభం కాదు.

చలికాలం తన ఇబ్బంది తాను తెస్తుంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఇంకు చిక్కబడి నాజిల్స్ వదిలేస్తాయి. హెడ్ హీటర్ వేడెక్కే దాకా ఆగకుండా ప్రింట్ ఇస్తే లైన్లు వస్తాయి. ఆపరేటర్ విసిగి వోల్టేజీ పెంచుతాడు, హెడ్ ఆయుష్షు తగ్గుతుంది. వానాకాలంలో వినైల్ వెనకనుండే కాగితం తేమ పీల్చి అంచులు లేస్తుంది. లేచిన అంచు వేగంగా వచ్చే హెడ్‌కు తగిలితే నాజిల్ ప్లేట్ గీసుకుపోతుంది. తేలికపాటి ఫ్లెక్స్ హీటర్ మీద ముడతలు పడినా అంతే. 2022 జూలై 1 నుంచి వంద మైక్రాన్ల కన్నా పలచని పీవీసీ బ్యానర్లు దేశమంతా నిషేధంలో ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, పలచటి మీడియా హెడ్లకు కూడా శత్రువే. మధ్యలో పని ఆపి భోజనానికి వెళ్తే హీటర్లు తగ్గించి వెళ్లాలి. ఒకే చోట నిలిచిన ఫ్లెక్స్ మెత్తబడి ప్లాటెన్‌కు, అంటే కింది బల్లకు, అతుక్కుంటుంది.

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది తొందర కాలంలోనే. రెండేళ్లకోసారి వచ్చే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర ముందు వారాల్లో ములుగు, భూపాలపల్లి, వరంగల్ షాపుల్లో మెషిన్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. వినాయక చవితి, ఎన్నికలు కూడా అంతే. అప్పుడే ఎగ్జాస్ట్ శబ్దం ఎక్కువని ఆపేస్తారు, సైడ్ డోర్లు తెరిచి పెట్టి, డోర్ తెరిస్తే మెషిన్‌ను ఆపే సెన్సార్‌కు టేపు అంటిస్తారు, నిద్రకళ్ల మీద నడుస్తున్న క్యారేజ్ కింద చెయ్యి పెట్టి ముడత సరిచేస్తారు. క్యారేజ్ బరువు, వేగం కలిస్తే వేలు నలగడానికి క్షణం చాలు. చున్నీ, మెడలో కండువా, వదులు చేతుల చొక్కా రోలర్ల దగ్గర వద్దు. పది అడుగుల వెడల్పు, యాభై మీటర్ల పొడవున్న 340 జీఎస్ఎం (చదరపు మీటరుకు 340 గ్రాములు) రోల్ బరువు సుమారు 52 కిలోలు ఉంటుంది. ఒక్కడే ఎత్తితే నడుం పోతుంది, జారితే కాలి మీద పడుతుంది. ఇద్దరు కలిసి ఎత్తాలి. ఆర్డర్లు ఎంత ఉన్నా రాత్రి ఒక్కణ్నే షట్టర్ సగం దించి మెషిన్ దగ్గర వదలడం ఓనర్లు మానాలి. ఆవిరికి తల తిరిగి పడితే చూసేవాడు ఉండడు, మంట వస్తే బయటపడే దారి ఉండదు. ఈ ఒక్క విషయంలో కఠినంగా ఉండాల్సిందే. ఒక బ్యానర్ రేపటికి ఆగినా ఎవరి కొంపా మునగదు.

చివరికి మిగిలే వేస్ట్ ఇంకు సంగతి చాలా చోట్ల మోరీలో తేలుతుంది. పర్జ్ చేసిన ఇంకు, కడిగిన సాల్వెంట్, తడి గుడ్డలు 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల పరిధిలోకి వస్తాయి. ఇంకుల వాడకంలో మిగిలే సాల్వెంట్‌ను ఆ జాబితాలో పేరు పెట్టి చేర్చారు. వాటిని మూత ఉన్న ఇనుప డబ్బాలో, ఎండ తగలని చోట దాచి, అనుమతి ఉన్న సేకరణ సంస్థకు ఇవ్వాలి. ఒక్కో షాపు మిగిల్చేది కొద్దిగానే ఉంటుంది కాబట్టి ఊళ్లోని షాపులన్నీ కలిసి ఒక ఏర్పాటు చేసుకోవడం తేలిక. గుడ్డల్ని ప్లాస్టిక్ సంచిలో కుక్కి మూలన పడేయకూడదు. ఇక ఐదు లీటర్ల ఖాళీ ఇంకు డబ్బాలు. గట్టిగా ఉన్నాయని కూలీలు ఇంటికి తీసుకెళ్లి నీళ్లకో, కిరోసిన్‌కో, పొలంలో మందు కలపడానికో వాడుతుంటారు. ఎంత కడిగినా ప్లాస్టిక్‌లోకి దిగిన సాల్వెంట్ వదలదు. పాత ఇనుప డ్రమ్ములను కోయడానికి గ్యాస్ కట్టర్ పెడితే లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. అందుకే ఖాళీ డబ్బా షాపు దాటే ముందే, చల్లగా ఉన్నప్పుడు, కత్తితో అడుగున పెద్ద కోత పెట్టి వ్యర్థాలతో పాటే పంపాలి.